డ్యూటీ చార్టులో లేని ఇల్లు



ఏ ప్రభుత్వాసుపత్రికి వెళ్లినా, డిపార్ట్‌మెంటు గది గోడ మీద ఒక కాగితం అంటించి ఉంటుంది. డ్యూటీ చార్టు. ఓపీ ఎవరు చూడాలి, వార్డులో ఎవరుండాలి, నైట్ ఎవరిది, ఆఫ్ ఎవరికి, అన్నీ అందులోనే ఉంటాయి. నిన్న చేరిన హౌస్ సర్జన్ దగ్గర్నుంచి ప్రొఫెసరు దాకా ఆ కాగితం వంక ఒకసారి చూడకుండా ముందుకు పోరు. డాక్టరు గారు తమ్ముడి పెళ్లికి ముహూర్తం వేళకు అందుతారా, ముసలి తండ్రి కంటి ఆపరేషన్‌కు ఎవరు తోడు వెళ్తారు, బిడ్డకు జ్వరమొస్తే రాత్రి పక్కన ఎవరు పడుకుంటారు అన్నది తేల్చేది కూడా చివరికి ఆ కాగితమే. కాకపోతే ఇంటి మాట అందులో ఎక్కడా ఉండదు.

కరోనా రోజుల్లో మన డాక్టర్ల మనసులకు తగిలిన దెబ్బ గురించి ఈ పూట కాసేపు మాట్లాడుకుందాం. ఈ విషయం ఎక్కడ చర్చకు వచ్చినా ముందుగా వినబడేది ఒకే సలహా: యోగా చెయ్యండి, ధ్యానం చెయ్యండి, ఒత్తిడిని జయించండి. యోగా మంచిదే, నేనూ చేస్తాను. అయితే ఒక మానసిక వైద్యుడిగా నేను చెప్పదలచుకున్నది వేరు. పనికీ ఇంటికీ పొత్తు కుదరకపోవడం ఆ మనిషి చేతకానితనం కాదు. చాలావరకు అది డ్యూటీ చార్టు వేసే పద్ధతిలోంచి పుట్టే జబ్బు. వైద్యం కూడా అక్కడే మొదలుపెట్టాలి.

ముందు ఆ జబ్బు సంగతి చూద్దాం. బర్నౌట్ అనే మాట ఈమధ్య అందరి నోటా వినిపిస్తోంది. 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, న్యూయార్క్‌లో ఉచిత వైద్యశాలలో పనిచేసేవారిని దగ్గరనుంచి చూసి దీని మీద రాశాడు. పేదల కోసం ఎంతో ఉత్సాహంగా వచ్చిన మంచి మనుషులు కొన్ని నెలలు తిరిగేసరికి చిరాకుగా, నిర్లిప్తంగా తయారవడం ఆయన గమనించాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనికి మూడు లక్షణాలు చెప్పింది. ఒకటి, ఒంట్లో శక్తి హరించుకుపోవడం. రెండు, చేస్తున్న పని మీద విముఖత, ఎవరేమైపోతే నాకేమిటనే ధోరణి. మూడు, నావల్ల ఏమీ కావడం లేదన్న భావన. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఒకటుంది. ఆ సంస్థ దీన్ని వ్యాధుల కోవలో చేర్చలేదు. పనిచేసే చోట సరిగా పట్టించుకోకుండా వదిలేసిన దీర్ఘకాలిక ఒత్తిడి ఫలితమని రాసింది. అంటే వేలు చూపించాల్సింది మనిషి వైపు కన్నా పనిచోటు వైపు.

ఇక 2020కి వద్దాం. ఆ ఏడాది మార్చి 2న తెలంగాణలో తొలి కేసు బయటపడింది. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రి కరోనా ఆసుపత్రిగా మారిపోయింది. అక్కడ, విశాఖలో, విజయవాడలో, తిరుపతిలో, నెల్లూరులో పనిచేసిన కుర్ర డాక్టర్లు ఆ తర్వాత నాతో చెప్పుకున్న విషయాలు దాదాపు ఒకేలా ఉండేవి. పీపీఈ కిట్టు తొడిగితే ఆరు గంటలు, ఒక్కోసారి ఎనిమిది గంటలు. మధ్యలో గుక్కెడు నీళ్లు తాగడానికి లేదు, బాత్రూముకు పోవడానికి లేదు. పోవాలంటే కిట్టు విప్పాలి, విప్పితే పారెయ్యాలి, మళ్లీ కొత్తది ఇస్తారో లేదో తెలియదు. అందుకని డ్యూటీకి ముందునుంచే నీళ్లు మానేసేవారు. డైపర్లు కట్టుకున్నవాళ్లున్నారు. నెలసరి రోజుల్లో ఆడ డాక్టర్లు, నర్సులు పడ్డ అవస్థ వాళ్లకే తెలుసు. మే నెల ఎండ, గాలి చొరని ప్లాస్టిక్, కళ్లద్దాల మీద ఆవిరి. లోపలున్నది ఎవరో తెలియక వీపుల మీద స్కెచ్ పెన్నుతో పేర్లు రాసుకునేవారు.

ఇవన్నీ ఒంటి కష్టాలు. వాటిని వాళ్లు నవ్వుతూనే చెప్పేవారు. గొంతు మారేది ఇంటి మాట వచ్చినప్పుడు.

డ్యూటీ దిగి ఇంటికి వస్తే పెరట్లోనే బట్టలు విప్పి సబ్బు నీళ్లలో వెయ్యాలి. స్నానం చేసినా లోపలికి రావడానికి భయం. ఇంట్లో బీపీ, షుగరు ఉన్న పెద్దవాళ్లు ఉంటారు. మేడ మీది గదిలో ఒక్కరే ఉండాలి, గుమ్మం దగ్గర కంచం పెట్టి వెళ్తారు. కొందరు పిల్లల్ని అమ్మమ్మ గారింటికి పంపేసి నెలల తరబడి వీడియో కాల్‌లోనే చూసుకున్నారు. పాలు తాగే బిడ్డను వదిలి వార్డుకు వెళ్లిన తల్లులున్నారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆ రోజుల్లో రచ్చలో నిలబడాలంటే ముందు ఇంటికే దూరం కావలసి వచ్చింది.

మన దగ్గర భార్యాభర్తలిద్దరూ డాక్టర్లైన ఇళ్లు చాలా ఎక్కువ. ఒకరి నైట్ అయ్యేసరికి ఇంకొకరి డే మొదలవుతుంది. పనిమనిషి రావడం మానేసింది. బడి ఫోన్‌లోకి వచ్చింది. పిల్లాడి ఆన్‌లైన్ క్లాసు, అత్తగారి మాత్రలు, వంట, ఇల్లు తుడవడం, వీటిల్లో ఎక్కువ భాగం ఎవరి మీద పడిందో నేను చెప్పనక్కర్లేదు. ఆసుపత్రి చార్టులో ఇద్దరిదీ సమానమైన డ్యూటీయే. ఇంట్లో మాత్రం ఆమెకు ఇంకో డ్యూటీ కాచుకుని ఉంటుంది, దానికి ఆఫ్ లేదు. "వార్డులో ఉంటే పిల్లాడు గుర్తొస్తాడు సార్, పిల్లాడి దగ్గర కూర్చుంటే వార్డు గుర్తొస్తుంది" అనే మాట ఒక్కరు కాదు, ఎందరో అన్నారు. రెండు చోట్లా ఉండి కూడా ఎక్కడా లేనట్టుండే ఈ స్థితి నిద్రలేమి కన్నా ఎక్కువ నలిపేస్తుంది.

సముద్రాలకు అవతల ఉన్న మన డాక్టర్లది ఇంకో రకం బాధ. అమెరికాలో హెచ్-1బి వీసా మీద పనిచేస్తున్న డాక్టరుకు ప్రాణం మీదికి వస్తే భార్యాపిల్లలు ఆ దేశంలో ఉండే హక్కు కూడా ఊగిసలాటలో పడుతుంది, ఎందుకంటే వాళ్ల వీసా ఆయన వీసాకు కట్టి ఉంటుంది. ఆ రోజుల్లో ఇక్కడ తల్లిదండ్రులకు జబ్బు చేస్తే రావడానికి విమానాలు లేవు. అక్కడ ఎవరి తల్లిదండ్రులకో వెంటిలేటర్ పెట్టి, ఇక్కడి అమ్మానాన్నల శాచురేషన్ ఎంతో ఫోన్‌లో అడిగి తెలుసుకున్నారు.

అలసట ఒక ఎత్తు. దాన్ని మించిన దెబ్బ ఇంకొకటుంది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులకు వైద్యం చేసిన జొనాథన్ షే అనే మానసిక వైద్యుడు దాన్ని నైతిక గాయం అన్నాడు. ఏది న్యాయమో తెలిసి కూడా చెయ్యలేని స్థితిలో నిలబడినప్పుడు మనసుకు తగిలే గాయం అది. 2021 ఏప్రిల్, మే నెలలు గుర్తుచేసుకోండి. పడక ఒకటి, వాకిట్లో అంబులెన్సులు ఎన్నో. అర్ధరాత్రి ఫోన్‌లో "ఒక్క బెడ్ చూడండి సార్" అని బంధువులు, చిన్ననాటి స్నేహితులు. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ పీడనం పడిపోయి 11 మంది చనిపోయారని ప్రభుత్వమే ప్రకటించింది. అలాంటి రాత్రి వార్డులో ఉన్న డాక్టరు, నర్సు నిస్సహాయులైంది వైద్యం తెలియక కాదు, చేతిలో ఆక్సిజన్ లేక. పుస్తకంలో ఉన్న వైద్యం అంతా వచ్చి కూడా ఒక మనిషిని అలా పోగొట్టుకున్నవాడికి నిద్ర పోయి లెమ్మంటే తీరుతుందా?

సమాజం ఆ రోజుల్లో రెండు ముఖాలు చూపించింది. 2020 మార్చి 22 సాయంత్రం వాకిళ్లలో నిలబడి చప్పట్లు కొట్టాం, పళ్లేలు మోగించాం. రెండు రోజులకే, మార్చి 24న, ఢిల్లీ ఎయిమ్స్ రెసిడెంట్ డాక్టర్ల సంఘం కేంద్ర హోం మంత్రికి ఉత్తరం రాసింది. అద్దె ఇళ్ల యజమానులు డాక్టర్లను ఖాళీ చెయ్యమంటున్నారు, కాపాడండని. ఏప్రిల్‌లో నెల్లూరుకు చెందిన ఒక డాక్టరు కరోనాతో చెన్నైలో కన్నుమూస్తే, దహనానికి అక్కడి జనం అడ్డుపడ్డారు. దాడులు ఎంత దాకా వెళ్లాయంటే, 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని కేంద్రం ఆ నెల 22న ఆర్డినెన్సుతో సవరించి, వైద్య సిబ్బంది మీద చెయ్యి చేసుకుంటే మూడు నెలల నుంచి ఐదేళ్లు, తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా జైలు అని రాయాల్సి వచ్చింది.

ఆ తర్వాత కూడా జూన్‌లో గాంధీ ఆసుపత్రిలో ఒక రోగి చనిపోతే ఆయన తాలూకు వాళ్లు జూనియర్ డాక్టరు మీద దాడి చేశారు. జూడాలు, అంటే జూనియర్ డాక్టర్లు, రోడ్డు మీదికి వచ్చి కూర్చున్నారు. వాళ్లు ఏమడిగారో చాలామందికి గుర్తుండదు. భద్రత అడిగారు, అది సహజమే. దాంతోపాటు, కరోనా రోగులందర్నీ ఒక్క గాంధీకే పంపకండి, వేరే ఆసుపత్రులకూ పంచండి, సిబ్బందిని పెంచండి అని అడిగారు. చెయ్యి చేసుకున్నది ఒక కుటుంబం కావచ్చు. ఆ కుటుంబానికి జవాబు చెప్పే తీరిక లేనంతగా ఒక డాక్టరు మీద అంతమంది రోగుల్ని మోపినవాళ్లు మాత్రం వేరే ఉన్నారని ఆ పిల్లలకు తెలుసు.

ఇక్కడే డ్యూటీ చార్టు దగ్గరికి మళ్లీ వస్తున్నాను. బోధనాసుపత్రి నడిచేది పీజీల మీద, అంటే అక్కడ పోస్టు గ్రాడ్యుయేషన్ చదువుతూ పనిచేసే డాక్టర్ల మీద. మొదటి ఏడాది, రెండో ఏడాది, మూడో ఏడాది, ఇలా మూడు బ్యాచ్‌లు కలిసి వార్డును మోస్తాయి. 2021 ఏప్రిల్ 18న జరగాల్సిన నీట్ పీజీ పరీక్ష రెండో వేవ్ మూలంగా వాయిదా పడింది. సెప్టెంబరు 11న జరిగింది. తర్వాత రిజర్వేషన్ల మీద సుప్రీంకోర్టులో కేసు నడిచి, కౌన్సెలింగ్ 2022 జనవరి 12న గానీ మొదలుకాలేదు. అప్పటికి ఒమిక్రాన్ వచ్చేసింది. అంటే కొత్త బ్యాచ్ రావాల్సిన నెలలన్నీ ఖాళీగా పోయాయి. మూడు బ్యాచ్‌ల పని రెండు బ్యాచ్‌ల నెత్తిన పడింది. 2021 డిసెంబరులో ఢిల్లీలో రెసిడెంట్ డాక్టర్లు వీధిలోకి వచ్చింది ఇందుకే. ఒక పరీక్ష తేదీ మారితే ఎక్కడో ఒక ఇంట్లో ఒక తల్లి నెలల పాటు కొడుకు ముఖం చూడలేదన్న సంగతి ఏ ఫైలులోనూ ఉండదు.

పోనీ దీనికి నియమాలు లేవా అంటే, ఉన్నాయి. 1992 జూన్ 5న కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన ఆదేశాల ప్రకారం రెసిడెంట్ డాక్టరుకు ఒకే విడతలో మామూలుగా 12 గంటలకు మించి డ్యూటీ ఉండకూడదు, వారానికి 48 గంటలు దాటకూడదు. మూడు దశాబ్దాలు దాటిపోయింది. ఈ మాట పీజీల ముందు అంటే వాళ్లు నవ్వుతారు. 24 గంటల డ్యూటీ అయ్యాక రౌండ్సు, ఆ తర్వాత ఓపీ, మొత్తం 36 గంటలు అన్నది మన దగ్గర మామూలు సంగతి. కరోనాకు ముందూ మామూలే, తర్వాతా మామూలే. మహమ్మారి దాన్ని పుట్టించలేదు, అప్పటికే నిండి ఉన్న కుండలో ఇంకాస్త పోసింది.

"మేమూ అలాగే చదివాం, మేమేమైనా చచ్చిపోయామా?" అని పెద్ద డాక్టర్లు అంటుంటారు. నా వయసువాళ్లంతా ఈ మాట అన్నవాళ్లే. దీనికి జవాబు రోగి వైపు నుంచి చెబుతాను, ఎందుకంటే ఈ ప్రసంగం వింటున్న మీలో ఎక్కువమంది రోగులుగానో, రోగి తాలూకు వాళ్లుగానో ఆసుపత్రికి వచ్చేవాళ్లు. అమెరికాలోని బోస్టన్‌లో ఐసీయూల్లో పనిచేసే ఇంటర్న్‌ల మీద చేసిన ఒక అధ్యయనం 2004లో వెలువడింది. 24 గంటలు దాటే పాత పద్ధతి డ్యూటీల్లో, గంటలు తగ్గించిన కొత్త పద్ధతితో పోలిస్తే, తీవ్రమైన వైద్య తప్పిదాలు 36 శాతం ఎక్కువని తేలింది. డాక్టరు నిద్ర డాక్టరు సొంత వ్యవహారం కాదు. మీ నాన్నగారికి ఎక్కించే ఇంజెక్షను మోతాదు లెక్కలో ఆ నిద్ర కూడా ఉంది.

మరి మహమ్మారి పోతే మనసులు వాటంతట అవే కుదుటపడతాయా? 2003లో సార్స్ వచ్చినప్పుడు కెనడాలోని టొరంటో ఆసుపత్రులు అల్లాడిపోయాయి. ఒకటి రెండేళ్లు గడిచాక అక్కడి సిబ్బందిని పరిశీలించారు. సార్స్ రోగులకు వైద్యం చేసిన ఆసుపత్రుల్లో నూటికి 30 మందిలో బర్నౌట్ బలంగా కనిపించింది. సార్స్ రోగులు రాని ఆసుపత్రుల్లో అది 19. జబ్బు వెళ్లిపోయినా నీడ మిగిలింది. అదే అధ్యయనంలో ఒక ఆశ కలిగించే సంగతీ ఉంది. తమకు తగిన శిక్షణ, రక్షణ, అండ దొరికాయని అనుకున్నవాళ్లకు ఆ దెబ్బ తక్కువగా తగిలింది. పక్కన ఎవరున్నారన్నదాన్ని బట్టి కూడా మనసు గట్టిదనం ఉంటుంది.

అండ దొరకకపోవడమే కాదు, అడగడానికి కూడా భయం. డాక్టర్ లోర్నా బ్రీన్ న్యూయార్క్‌లో ఒక ఆసుపత్రి అత్యవసర విభాగానికి అధిపతి. తనకే కరోనా వచ్చి, తగ్గీ తగ్గకముందే తిరిగి డ్యూటీలో చేరారు. 2020 ఏప్రిల్ 26న తన ప్రాణం తానే తీసుకున్నారు. ఆమె వయసు 49. మానసిక చికిత్స తీసుకున్నట్టు తెలిస్తే లైసెన్సు పోతుందేమోనని ఆమె భయపడ్డారని కుటుంబసభ్యులు తర్వాత చెప్పారు. ఆమె పేరు మీదనే వైద్య సిబ్బంది మానసిక ఆరోగ్యం కోసం అమెరికాలో ఒక చట్టం వచ్చింది, 2022 మార్చి 18న దాని మీద సంతకం పడింది.

మన దగ్గర భయం తక్కువా? జాతీయ వైద్య కమిషన్ నియమించిన టాస్క్‌ఫోర్స్ 2024లో ఒక నివేదిక ఇచ్చింది. ఆన్‌లైన్‌లో తమంతట తాము జవాబిచ్చిన పీజీ విద్యార్థుల్లో, తమకు మానసిక సమస్య ఉందని చెప్పినవాళ్లు నూటికి 15 మంది. చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చిందన్నవాళ్లు నూటికి 31 మంది. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ మధ్య ఉన్న ఎడంలో ఎవరికీ చెప్పుకోనివాళ్లు, చూపించుకోనివాళ్లు ఉన్నారు. తనకు ఒంట్లో బాగోలేదని తన డిపార్ట్‌మెంటులోనే చెప్పుకోవాలంటే ఎవరికైనా కష్టమే, మార్కులు వేసేది కూడా ఆ సారే అయినప్పుడు మరీను.

ఇప్పుడు చెయ్యాల్సిన పనులు. ఆసుపత్రులు నడిపేవారికి మొదటి మాట: నైట్ చేసినవాడిని పొద్దున ఇంటికి పంపండి. వారానికి ఒక ఆఫ్ ఇవ్వండి, అది ఏ రోజో ముందే చెప్పండి. ఎప్పుడొస్తుందో తెలియని సెలవు ఇంటికి పనికిరాదు, బిడ్డకు మాట ఇవ్వడానికి అసలు పనికిరాదు. టాస్క్‌ఫోర్సు వారానికి 74 గంటలు దాటవద్దంది. 1992 నాటి 48తో పోలిస్తే అదీ ఎక్కువే, కనీసం దాన్నైనా పాటించండి. ఒకరు జబ్బు పడితే వాళ్ల పని మిగతావాళ్ల నెత్తిన వెయ్యకుండా బదులు మనుషుల్ని సిద్ధంగా ఉంచండి. బిడ్డకు పాలిచ్చే తల్లికి, ఇంట్లో మంచం పట్టినవాళ్లున్న వాళ్లకు చార్టు వేసేటప్పుడే తేడా చూడండి. మనసు బాగోనివారు వెళ్లి మాట్లాడే మనిషి ఆ కాలేజీకి సంబంధించని వారై ఉండాలి, వెళ్లిన సంగతి ఫైలుకు ఎక్కకూడదు. మరణాన్ని బంధువులకు చెప్పే పనిని ఇరవై అయిదేళ్ల పిల్లాడి మీద ఒంటరిగా వదలకండి, ఒక పెద్దవారు పక్కన నిలబడండి. ఈ మాటలన్నీ నర్సులకు, ల్యాబు వాళ్లకు, వార్డు బాయ్‌లకు, ఆశా కార్యకర్తలకు కూడా వర్తిస్తాయి. వాళ్లకు జీతం తక్కువ, మాట్లాడే గొంతూ తక్కువ.

డాక్టర్ల ఇంట్లో వాళ్లకు ఒక మాట. మనిషి ఇంట్లోనే ఉండి మాట్లాడకపోతే, ఇష్టమైనవేవీ పట్టనట్టుంటే, సెలవు రోజు కూడా నిద్ర పట్టకపోతే, నిద్రకు మాత్రలో మందో అలవాటు చేసుకుంటుంటే, నేనుండి ఏం లాభమనే మాట ఒక్కసారి నోట వచ్చినా, "డాక్టరు కదా, తనకే తెలుస్తుందిలే" అనుకోకండి. కూర్చోబెట్టి నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పెరుగుతుందన్నది అపోహ. టెలీ మానస్ అని ప్రభుత్వ ఉచిత సేవ ఉంది, నంబరు 14416, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. డాక్టర్లకూ అదే నంబరు.

డాక్టర్లకు, ముఖ్యంగా చిన్నవాళ్లకు: అలసటను ఓర్చుకోవడమే గొప్ప అని మేము నేర్పాం. దాన్ని మీరు మీ జూనియర్లకు నేర్పకండి. పై ఏడాదికి వచ్చాక చార్టు వేసే పని మీ చేతికి వస్తుంది. అప్పుడు కింది బ్యాచ్‌కు మీరు ఇచ్చే ఆఫ్ ఏ జీవో కోసమూ ఆగక్కర్లేదు.

భారత వైద్య సంఘం లెక్క ప్రకారం మొదటి వేవ్‌లోనే 748 మంది డాక్టర్లను దేశం పోగొట్టుకుంది. బతికి ఉండి లోపల అరిగిపోయినవాళ్ల పూర్తి లెక్క ఎవరి దగ్గరా లేదు. ఇంకో మహమ్మారి రాదని చెప్పగలిగినవారు లేరు. ఆక్సిజన్ ప్లాంట్లు కట్టుకున్నాం, పడకలు పెంచుకున్నాం, ఇవి కావాల్సినవే. వీటికి ఖర్చు రాసిన పద్దులోనే, సెలవు మీద ఇంటికి వెళ్లిన డాక్టరు స్థానంలో నిలబడే ఇంకో డాక్టరు జీతం కూడా రాయాలి. మీ ఊరి ఎమ్మెల్యే కొత్త ఆసుపత్రి భవనం ప్రారంభించడానికి వచ్చినప్పుడు ఎన్ని పడకలని అందరూ అడుగుతారు. ఎన్ని పోస్టులు భర్తీ చేశారని కూడా మీరు అడగండి.